బెంగళూరా, చెన్నయా: నివాసానికి ఏది అనువు?

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021 మార్చిలో ప్రకటించిన సులభతర జీవన సూచీలో, పది లక్షలకు మించిన జనాభా గల నగరాలలో బెంగళూరు ప్రథమ స్థానంలోనూ, చెన్నై నాలుగో స్థానంలోనూ నిలిచాయి. మూడేళ్లు తిరిగేసరికి, 2024 వేసవిలో, ఆ ప్రథమ నగరంలోనే బోరుబావులు ఎండిపోయి, అపార్ట్‌మెంట్ల వాసులు ట్యాంకర్ల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. మరి ఆ సూచీ కొలిచినదేమిటి?

నూటికి 35 పాళ్లు జీవన నాణ్యతకు, 30 పౌరుల అభిప్రాయానికి, 20 సుస్థిరతకు, 15 ఆర్థిక సామర్థ్యానికి కేటాయించారు. విద్య, వైద్యం, గృహవసతి, నీరు, రవాణా వంటివి చేరిన జీవన నాణ్యత విభాగంలో మొదటి స్థానం చెన్నైదే. బెంగళూరు ముందున్నది ఆర్థిక సామర్థ్యంలో. మొత్తం ర్యాంకు ఒక్కటే చూసి ఇల్లు మారేవారికి ఈ తేడా కనిపించదు.

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. వాతావరణం చల్లగా ఉండడానికీ, నీరు ఖరీదు కావడానికీ ఆ ఎత్తే కారణం. కావేరి జలాలను దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో దశలవారీగా ఎత్తి తేవాలి. పాత నగరానికి గొట్టాల ద్వారా ఆ నీరు అందుతున్నా, తర్వాత నగరంలో కలిసిన 110 గ్రామాల ప్రాంతం చాలాకాలం బోర్లు, ట్యాంకర్లపైనే ఆధారపడింది. వాటి కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కావేరి అయిదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది.

చెన్నైకి జీవనది లేదు. 2019 వేసవిలో జలాశయాలు దాదాపు అడుగంటి, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీరు తెప్పించుకున్నారు. అయితే నీటి కరవు ఆ నగరానికి కొత్త కాదు. వాననీటి సేకరణను అక్కడ 2003లోనే అన్ని భవనాలకూ తప్పనిసరి చేశారు. మింజూరు, నెమ్మేలిలలో సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కేంద్రాలు నెలకొల్పారు. తెలుగుగంగ పథకం ద్వారా కృష్ణాజలాలు కండలేరు నుంచి పూండి జలాశయానికి చేరుతున్నాయి. ఒక్క నీటి విషయంలో మాత్రం, కష్టపడి నేర్చుకున్న చెన్నైదే పైచేయి అనాలి. అలాగని వాన వస్తే అంతా సుఖమనీ కాదు. 2015 డిసెంబరు వరదలు నగరంలోని అనేక ప్రాంతాలను ముంచెత్తాయి.

రాకపోకల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. బీచ్, తాంబరం మధ్య విద్యుత్ రైళ్లు 1931లోనే నడిచాయి. బెంగళూరు సబర్బన్ రైలు పథకానికి శంకుస్థాపన జరిగింది 2022లో. తెలుగువారు తరాలుగా రెండు చోట్లా ఉన్నారు గనుక భాష బెంగ అంతగా అక్కరలేదు.

ఇల్లు వెతికేవారు బెంగళూరులో అద్దె కంటే ముందు అడగవలసింది కావేరి కనెక్షన్ ఉందా, నెలకు ఎన్ని ట్యాంకర్లు కొంటున్నారు అని. చెన్నైలో అయితే, 2015లో ఆ వీధిలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఇరుగుపొరుగును అడిగి తెలుసుకోవాలి.