తపాలా బిళ్ళల వర్గీకరణ – సేకరణకు తొలి మెట్టు

పాత ట్రంకు పెట్టెలో ఉత్తరాల కట్ట బయటపడితే, పిల్లలు మొదట చేసే పని కవర్ల మీది బిళ్ళలను ఊడదీయడం. ఊడదీసిన బిళ్ళలన్నీ డబ్బాలో పోసి ఉంచితే అది పోగు మాత్రమే. ఒక పద్ధతి ప్రకారం వేరుచేసి అమర్చినపుడే అది సేకరణ అవుతుంది. ఆ పద్ధతులలో ముఖ్యమైనవి ఐదు.

మొదటిది ప్రయోజనాన్ని బట్టి చేసే విభజన. రోజువారీ వాడకం కొరకు మళ్ళీ మళ్ళీ ముద్రించేవి సాధారణ బిళ్ళలు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు అమలులోనికి వచ్చినపుడు వెలువడిన భారతదేశ పటం బిళ్ళలు ఈ కోవకు చెందినవి. ఒక వ్యక్తినో సంఘటననో స్మరిస్తూ పరిమితంగా ముద్రించేవి స్మారక బిళ్ళలు. ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాలకు వాడినవి సర్వీసు బిళ్ళలు. ప్రోనోటు మీద అతికించే రెవెన్యూ బిళ్ళ తపాలా బిళ్ళ కాదు. దానిని వేరుగా ఉంచవలెను.

రెండవది జారీ చేసిన ప్రభుత్వాన్ని బట్టి చేసేది. బ్రిటిష్ ఇండియా అంతటికీ 1854లో బిళ్ళలు వచ్చాయి. హైదరాబాదు సంస్థానం 1869 నుండి సొంత బిళ్ళలు వేసింది. అవి సంస్థానపు హద్దులలోనే చెల్లేవి. హద్దు దాటే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ కావలసి వచ్చేది. గ్వాలియరు, పాటియాలా వంటి కొన్ని సంస్థానాలు బ్రిటిష్ బిళ్ళల మీదనే తమ పేరు అచ్చు వేయించుకున్నాయి. యానాంలో ఫ్రెంచి ఇండియా బిళ్ళలు చెల్లేవి. 1923 నుండి వాటి వెల ఫనాలలో, కాషులలో ఉండేది. ఎనిమిది ఫనాలు ఒక రూపాయి.

మూడవది విషయాన్ని బట్టి చేసేది. పక్షులు, రైళ్ళు, ఆలయాలు, కవులు – ఎవరి అభిరుచి వారిది. త్యాగరాజు (1961), వేమన (1972), కందుకూరి వీరేశలింగం (1974), అల్లూరి సీతారామరాజు (1986), శ్రీకృష్ణదేవరాయలు (2011) బిళ్ళలను ఒకచోట చేర్చితే తెలుగువారి చరిత్ర ఒక పుటలో అమరుతుంది. పిల్లలకు ఈ పద్ధతి సులభం.

నాలుగవది ముద్రణను బట్టి చేసేది. 1854 నాటి బిళ్ళలకు అంచు రంధ్రాలు లేవు, కత్తిరించి వాడేవారు. తరువాతి కాలపు బిళ్ళలకు రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని రంధ్రాలు ఉన్నాయో లెక్కించి జాతి నిర్ణయిస్తారు. కాగితంలోని నీటిగుర్తును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తారు. 1865 నుండి ఏనుగు తల గుర్తు గల కాగితం వాడుకలోనికి వచ్చింది. అచ్చయిన బిళ్ళ మీద మరల ముద్రించిన అక్షరాలూ ముఖ్యమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం ఐదు పైసల బిళ్ళల మీద వేసిన ముద్రణ అటువంటిదే.

ఐదవది వాడిన ఊరిని బట్టి చేసేది. మన సరిహద్దు కుటుంబాలకు ఇదే మిక్కిలి విలువైనది. బరంపురం 1936 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండి, ఆపై ఒడిశాలో చేరింది. బళ్ళారి 1953లో మద్రాసు నుండి మైసూరుకు మారింది. నాందేడు 1956 వరకు హైదరాబాదులో, ఆపై బొంబాయిలో, 1960 నుండి మహారాష్ట్రలో ఉన్నది. ఊరు కదలలేదు, దాని పైనున్న రాష్ట్రం పేరు మారింది. ఈ మార్పు బిళ్ళ ఒక్కదానిలో కనబడదు. బిళ్ళ ప్రభుత్వాన్ని తెలుపుతుంది, తపాలా ముద్ర ఊరిని, తేదీని తెలుపుతుంది, చిరునామా నాటి జిల్లాను, రాష్ట్రాన్ని, ఏ లిపిలో వ్రాసుకొనేవారో తెలుపుతుంది. బిళ్ళను ఊడదీసిన మరుక్షణం ఈ మూడూ విడిపోతాయి.

కావున పాత ఉత్తరాలు దొరికినపుడు కత్తెర, నీళ్ళ పళ్ళెం పక్కన పెట్టి, ముందుగా ముద్రనూ చిరునామానూ చదవండి. ముద్ర స్పష్టంగా ఉన్న కవరును, కార్డును పూర్తిగా భద్రపరచండి. జిగురు, సెలోటేపు తగలనీయక, పొడి కాగితపు సంచిలో ఉంచి, సంచి మీద ఎవరు ఎవరికి వ్రాసినదో పెన్సిలుతో వ్రాయండి. ముద్ర చెరిగిపోయి ఊరూ తేదీ తెలియని కవరు బిళ్ళలను నీటిలో నానబెట్టి తీసి, పిల్లల ఆల్బముకు ఇవ్వవచ్చును. మీ తాతగారి ఊరి పేరు గల కవరు మరొక ఇంటిలో దొరకదు.