ఆహార్యమూ ఒక వ్యాఖ్యానమే

భరతముని అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించాడు: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. వీనిలో ఆహార్యమంటే వేషం. బట్ట, నగ, రంగు, తలకట్టు అన్నీ దానిలోనివే. ఈ నాలుగింటిలోనూ ఆహార్యాన్ని పైపై హంగుగా భావించేవారే లోకంలో ఎక్కువ. మాట నటుడు నేర్చుకోవలసినది, భావం లోపల పుట్టవలసినది. వేషమో, అద్దెకు దొరికేది అని వారి తలంపు. అయితే నటులు కానివారు, కేవలం చదువరులైనవారు, తాము ప్రేమించిన నవలలోని మనుషుల దుస్తులు తామే కుట్టుకొని వీథిలో నడిస్తే దానిని ఏమనాలి? వేడుక అనాలా, చదువు అనాలా? ఇంగ్లండులోని బాత్ నగరంలో ఏటా జరిగే ఒక సాహిత్యోత్సవం ఈ ప్రశ్నను ముందుంచుతున్నది.

ఆ ఉత్సవం నవలాకర్త్రి జేన్ ఆస్టెన్ పేర జరుగుతుంది. 2001లో మొదలై, ఏటా సెప్టెంబరు మాసంలో పది రోజులపాటు సాగుతుంది. ఉపన్యాసాలు, నాటకాలు, సంగీతం, నృత్యం, నవలల్లోని స్థలాల సందర్శనం దానిలో భాగాలు. వీనన్నిటికంటె ప్రసిద్ధమైనది ఊరేగింపు. వందలాది స్త్రీపురుషులు రెండు వందల ఏండ్ల కిందటి వేషాలతో బాత్ రాతివీథుల వెంట నడుస్తారు. 2009లో ఆ వేషధారులను లెక్కిస్తే 409 మంది తేలారు. అది గిన్నిస్ రికార్డుగా నమోదయింది. 2014లో ఆ సంఖ్య 550కి పెరిగింది. 1775 డిసెంబరు 16న జన్మించిన రచయిత్రికి 2025లో రెండు వందల ఏబై ఏండ్లు నిండటంతో, ఆ యేడు ఉత్సవం మరింత వైభవంగా జరిగింది.

ఈ వేషాలకు ‘రీజెన్సీ’ వేషాలని పేరు. మూడవ జార్జి రాజు మతి చలించి రాజ్యభారం వహింపలేకపోగా, యువరాజు 1811 నుంచి 1820 వరకు రాజప్రతినిధిగా పాలించాడు. ఆ తొమ్మిదేండ్లకు వచ్చిన పేరిది. ఆస్టెన్ ఆరు నవలలూ ఈ కాలంలోనే అచ్చయినవి. మొదటిదైన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ 1811లో రచయిత్రి పేరు లేకుండా, ఒక స్త్రీ రాసినదని మాత్రమే చెప్పి వెలువడింది. చివరి రెండూ, ‘నార్తాంగర్ ఆబీ’, ‘పర్స్యుయేషన్’, ఆమె మరణించిన 1817లోనే, ఆ యేటి చివర జంటగా ప్రకటితమైనవి. ఆ రెంటిలోనూ బాత్ నగరం ఉన్నది. ఆమె స్వయంగా 1801 నుంచి 1806 వరకు ఆ ఊళ్లో కాపురముండి, తండ్రిని అక్కడనే పోగొట్టుకున్నది.

ఉత్సవానికి వెళ్లదలచినవారు నెలల ముందునుంచే ప్రయత్నం సాగించాలి. మొదట తేల్చుకోవలసినది వేళ. పగటి ఊరేగింపునకు నిండుచేతుల గౌను, తలకు టోపీ, పైన పొట్టి కోటో శాలువో కావాలి. రాత్రి నృత్యానికైతే పొట్టి చేతులు, మోచేయి దాటే తొడుగులు, పలుచని చెప్పులు కావాలి. రెండవది వ్యక్తి. పెండ్లి కావలసిన పిల్లా, వితంతువా, నౌకాదళంలోని కప్తానా, పల్లెటూరి మతాచార్యుడా? అంతస్తును బట్టి బట్ట మారుతుంది. వయసును బట్టి రంగు మారుతుంది.

ఇక్కడనే మొదటి చిక్కు ఎదురవుతుంది. సహాయం కోసం నవలను తెరిస్తే నవల పలుకదు. ఆస్టెన్ తన నాయికల దుస్తులను వర్ణించడం బహు అరుదు. మన ప్రబంధకవులు నాయికను ఆపాదమస్తకం వర్ణించినట్లు ఆమె ఎక్కడా వర్ణించదు. తన కాలపు పాఠకులకు తెలిసిన సంగతిని చెప్పనవసరం లేదని ఆమె వదలివేసింది. కాబట్టి కుట్టదలచినవారు ఆమె లేఖలను వెదకాలి, నాటి పత్రికలు అచ్చువేసిన వేషాల బొమ్మలు చూడాలి, మ్యూజియములలో మిగిలిన బట్టల కుట్లను పరిశీలించాలి. రచయిత్రి విడిచిన ఖాళీని పూరించే ఈ శ్రమ వ్యాఖ్యాత చేసే పనికంటె వేరైనది కాదు.

ఇక దుస్తుల నిర్మాణం లోపలినుంచి బయటికి సాగాలి. ముందు పలుచని లోచొక్కా, దానిపైన నడుమును, వెన్నును నిలిపే బిగువైన లోరవిక, దానిపైన లోపావడ, అన్నింటికీ పైన గౌను. ఈ క్రమం తప్పితే ఎంత ఖరీదైన గౌనైనా ఒంటికి అమరదు. గౌనుకు నడికట్టు నడుము వద్ద కాక రొమ్ముకు దిగువనే ఉంటుంది; అక్కడినుంచి బట్ట జారిపడినట్లు పాదాలదాకా దిగుతుంది. పూర్వపు వెడల్పైన పావడాల కింద స్త్రీలు నడుముకు జేబుసంచులు కట్టుకునేవారు. ఈ సన్నని గౌనులో వానికి చోటు లేదు. అందుచేత చేతికి వ్రేలాడే చిన్న సంచి వచ్చింది. పురుషులకు ముందు పొట్టిగా, వెనుక పొడుగుగా కత్తిరించిన కోటు, గంజి పెట్టి మడతలు తీర్చిన మెడగుడ్డ ఉంటవి. ఆ గుడ్డ కట్టుకున్నవాడు తల వంచాలంటే కష్టం.

ఇవి తొడుక్కున్నవారి శరీరానికి కొన్ని సంగతులు వాటంతట అవే బోధపడతవి. లోరవిక బిగువున వెన్ను నిటారై నిలుస్తుంది. ఒరగి కూర్చోవడం సాధ్యం కాదు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఎలిజబెత్ జబ్బుపడిన అక్కను చూడటానికి మూడు మైళ్లు బురదలో నడిచి వెళ్తుంది. ఆమె లోపావడ అంచుకు ఆరంగుళాల మేర బురద అంటినదని ఆ యింటి ఆడవారు ఆక్షేపిస్తారు. తరగతి గదిలో చదివే విద్యార్థికి ఇది చిన్న విషయంగా తోచి, ఇంత రభస ఎందుకనిపిస్తుంది. తెల్లని నూలుపావడ అంచును చేత పట్టుకొని తడిసిన బాటలో నాలుగడుగులు వేసినవారికి, ఎలిజబెత్ ఆనాడు దేనిని లెక్కచేయలేదో తెలుస్తుంది.

ఆ తెలుపు వెనుక ఖర్చు కూడ ఉన్నది. 1807లో ఆస్టెన్ స్వయంగా రాసుకున్న జమాఖర్చు ఒకటి నిలిచి ఉన్నది. ఆ యేడు దుస్తులకు, చేతిఖర్చుకు కలిపి సుమారు 14 పౌండ్లు. చాకలిఖర్చు 9 పౌండ్లకు పైగా. కట్టుకొనడానికైన దానిలో మూడింట రెండు వంతుల దాకా ఉతికించడానికే అయిందన్నమాట. 1811లో లండనునుంచి అక్కకు రాసిన లేఖలో, గజం మూడున్నర షిల్లింగుల వంతున పది గజాల మస్లిన్ కొన్నానని చెబుతుంది. అంటే ఒక పౌను పదిహేను షిల్లింగులు. 1807 నాటి దుస్తుల పద్దుతో పోల్చితే ఎనిమిదో వంతు. నృత్యానికి ఏ గౌను వేసుకోవాలని నాయిక రాత్రి నిద్రపోకుండా తర్కించుకుంటే అది కేవలం చాపల్యమని నవ్వి ఊరుకోవడానికి వీలు లేదు. ఉన్నవి నాలుగే బట్టలు.

బట్ట ఎంతటి సాక్ష్యం చెప్పగలదో తెలిపే ఉదాహరణ మరొకటి. ఆస్టెన్ ధరించినదని నమ్ముతున్న గోధుమవన్నె పట్టు పైకోటు ఒకటి హాంప్‌షైర్‌లో భద్రంగా ఉన్నది. దానిపైన పసుపువన్నె ఓక్ ఆకుల అల్లిక కలదు. 1812–14 ప్రాంతపుది. వస్త్రచరిత్ర పరిశోధకురాలు హిలరీ డేవిడ్సన్ దానిని కొలిచి, అదే తీరున మరల కుట్టి, 2015లో తన పరిశీలన ప్రకటించింది. దానిని బట్టి ధరించిన మనిషి సన్నగా, ఆ కాలపు స్త్రీలకు మించిన పొడవుతో, సుమారు అయిదడుగుల ఏడంగుళాలు ఉండేదని తేలింది. అక్క గీసిన ఒక చిన్న చిత్తరువు తప్ప ముఖం చూపే నమ్మదగిన చిత్రం లేని రచయిత్రికి, కుట్టుపని ఒక ఆకారాన్ని ఇచ్చింది.

ఇంతవరకు ఇది ఇంగ్లీషువారి కథ. ఆ గౌను నూలు వెంట పోతే కథ మన తీరానికి వస్తుంది. ‘నార్తాంగర్ ఆబీ’లో బాత్ నృత్యశాలలో హెన్రీ టిల్నీ అనే యువకుడు ఒక పెద్దావిడతో మస్లిన్ ధరల గురించి ముచ్చటిస్తాడు. చెల్లెలికోసం అసలైన ఇండియా మస్లిన్ గజం అయిదు షిల్లింగులకే కొన్నానని గొప్ప చెప్పుకుంటాడు. అసలైనది అనడంలోనే నకలు వచ్చిందన్న సూచన ఉన్నది. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ కనిపెట్టిన నూలుయంత్రం వల్ల సన్ననూలు సీమలోనే వడకడం సాధ్యమయింది. ఆ మిల్లులకు రానురాను అమెరికా పొలాలలో బానిసలు పండించిన పత్తి ముఖ్యమైన ఆధారమయింది.

మస్లినులలో ఢాకావి అత్యుత్తమమని లోకప్రసిద్ధి. తెలుగు తీరానిది కూడ తక్కువ చరిత్ర కాదు. ఇంగ్లీషు కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తకశాల తెరిచింది. ఆ రేవునుంచి అద్దకపు బట్టలు, ఉత్తర సర్కారుల మగ్గాలనుంచి నూలుబట్టలు ఓడలకెక్కినవి. పడుగులోని పోగుల లెక్కను తెలిపే ‘పుంజం’ అనే మన సాలీల మాట, బట్ట పేరుగా ఇంగ్లీషు వర్తకుల పట్టీలలోకి ఎక్కింది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ అచ్చయిన 1813లోనే, ఇండియా వర్తకంపై కంపెనీకున్న గుత్తహక్కును పార్లమెంటు తొలగించింది. సీమ మిల్లుల బట్ట ఈ దేశంలోకి పోటెత్తింది. ఇక్కడి బట్టకు అక్కడ సుంకాల అడ్డు ఉండనే ఉన్నది. మగ్గాలు మూలపడినవి. బాత్ నృత్యశాలలో మస్లిన్ గౌనులు తిరుగుతున్న ఆ యేండ్లే సాలీల ఇండ్లలో పొయ్యి ఆరుతూ వచ్చిన యేండ్లు.

ఆస్టెన్ కుటుంబానికి కూడ ఈ దేశం దూరమైనది కాదు. ఆమె మేనత్త ఫిలడెల్ఫియా తలిదండ్రులను కోల్పోయి, లండనులో టోపీలు, స్త్రీల అలంకార వస్తువులు కుట్టే చోట పని నేర్చుకున్నది. 1752లో వరుని వెదుక్కుంటూ మద్రాసుకు ఓడ ఎక్కింది. మరుసటి యేడు కడలూరులో కంపెనీ వైద్యుని పెండ్లాడింది. కుట్టుపనితో బ్రతుకు వెళ్లదీయడమా, ముఖమెరుగని వానిని పెండ్లాడటమా అన్నదే ఆమె ముందున్న దారి. ఆస్టెన్ నవలలన్నిటి కింద మెదిలే భయం ఇదే.

ఉత్సవాన్ని ఆక్షేపించేవారు లేకపోలేదు. గంధపుచెక్కలు మోసే గాడిదకు బరువే తెలుస్తుంది గాని పరిమళం తెలియదన్న సామ్యాన్ని వీరికి అన్వయించవచ్చు. టోపీ పెట్టినవారందరూ నవల చదివినవారేనా? సినిమాలు చూసి వచ్చినవారు కారా? ఈ ఆక్షేపణలో నిజం ఉన్నది. అంతకంటె పెద్ద ప్రమాదం కూడ ఒకటి ఉన్నది. వేషం మురిపిస్తుంది, మురిపిస్తూ మరపిస్తుంది. ఊరేగింపులో అందరూ దొరసానులే. ఆ గౌనులు ఉతికినవారి, ఇస్త్రీ చేసినవారి, పత్తి తీసినవారి, పడుగు పోసినవారి వేషం వేయడానికి ముందుకు వచ్చేవారు తక్కువ. వారిని మరచిన ఆహార్యం గ్రంథంలో సగాన్నే వ్యాఖ్యానించినట్లు అవుతుంది. అయినా ఈ తప్పు వేషానిది మాత్రమే కాదు. కుర్చీలో కూర్చొని చదివేవారు కూడ ఆ సగాన్ని దాటి పోవడం అరుదు. చేత సూది పట్టినవారికి ఆ బట్ట ఎక్కడిదన్న ప్రశ్న ఒకనాటికైనా ఎదురవుతుంది. ఆ ప్రశ్నను తప్పించుకోకుండా ఉండటమే వారు చేయవలసినది.

పాఠశాలల వార్షికోత్సవాలలో వేషాలు వేయించే ఉపాధ్యాయులకు దీనిలో ఒక సూచన ఉన్నది. కన్యాశుల్కంలో గిరీశం వేషానికి అంగడిలో కోటు అద్దెకు తేవడం తేలిక. దానికి బదులు ఒక వారం ముందుగా పిల్లలచేత నాటకం చదివించి, ఎవరు ఏ బట్ట కడతారు, దాని వెల ఎవరిచ్చారు, దానిని ఎవరు నేశారు అని అడిగితే, జవాబులు వెదకడంలోనే పాఠం నడుస్తుంది. శ్రీకాకుళం ప్రాంతపు పొందూరులో కొండపత్తిని వాలుగచేప దవడతో దువ్వి, చేత వడికి, నేసే పద్ధతి ఉన్నది. ఆ బట్టను ఒక్కసారి పిల్లల చేతికిచ్చి తాకి చూడమంటే, ఇంగ్లీషు నవలలో ఒక యువకుడు చెల్లెలికోసం బేరమాడిన ఆ గజం గుడ్డ ఎవరి వ్రేళ్లమీదుగా పోయి ఉంటుందో వారికి వివరించనక్కర ఉండదు.