మాక్సా కాపుడు, మన సురుకులు ఒకటేనా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు వాళ్లకు ఒక డౌట్ రావచ్చు: చైనా వాళ్ల మాక్సిబషన్, మన ఊర్లల్ల పెట్టే సురుకులు ఒకటేనా?

వినాయక చవితి పత్రిలో మొదట వచ్చే మాచిపత్రి తెలుసు కదా. దాని జాతి ఆకునే చైనాలో ఎండబెట్టి, దూదిలాగా దంచి, కాగితంలో చుట్టి కడ్డీ చేస్తారు. అంటించి, చర్మానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటారు. చర్మం కొంచెం ఎర్రబడితే ఆపేస్తారు. పాత పద్ధతిలో చర్మం మీదనే పెట్టి మచ్చ పడేలా కాల్చడం కూడా ఉండేది. మన సుశ్రుత సంహితలో అగ్నికర్మ ఉన్నట్టే.

వేడి తగిలితే అక్కడ రక్తం బాగా పారుతుంది, బిగుసుకున్న కండ సడలుతుంది. నాట్లు వేసి, పత్తి ఏరి వచ్చినోళ్ల నడుముకు ఉప్పు మూట కాపుడు హాయిగా ఉండేది ఇందుకే. నన్నడిగితే నొప్పికి ఉప్పు మూటే మేలు. ఖర్చు లేదు, పొగ రాదు.

నొప్పి ఒక్కదానికేనా? 1998లో 'జామా' పత్రికలో చైనాలో చేసిన ఒక ప్రయోగం వచ్చింది. కడుపులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్న 260 మంది గర్భిణులు. కాలి చిటికెన వేలి దగ్గర మాక్సా పెట్టిన 130 మందిలో 98 మందికి, పెట్టని 130 మందిలో 62 మందికి 35వ వారానికల్లా బిడ్డ తల కిందికి తిరిగింది. తర్వాతి ప్రయోగాల్లో ఫలితాలు ఒకేలా రాలేదు. అందుకే దీన్ని నమ్ముకుని స్కానింగ్ మానొద్దు.

ఇగ సురుకులు. పసిరికలు అయితే చేతి మీద, పసిపిల్లకు కడుపు ఉబ్బినా, ఆయాసం వచ్చినా పొట్ట మీద కాల్చిన కడ్డీతో పెడతారు. అది కాపుడు కాదండి, కాలిన గాయం. నీళ్ల ద్వారా వచ్చే పసిరికలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పేరు మాత్రం సురుకుకు వస్తుంది. సర్వర్ దానంతటదే లేస్తే, ఆఖరికి బటన్ నొక్కినోడు హీరో అయినట్టు!

పసిపిల్లల్లో మాత్రం ఆయాసం నిమోనియా కావచ్చు. పైగా ఆ పుండుతో రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పోతే ప్రాణాల మీదికి వస్తుంది. భూపాలపల్లి అడవి ఊర్ల నుంచి వరంగల్ ఎంజీఎం దాకా పోవాలంటేనే ఎంతో టైమ్ పడుతుంది, సురుకు పనిచేస్తదేమో అని ఇంకో పూట ఆగితే ఎట్ల? ముందు 108కి ఫోన్ చేయండి.

షుగర్ ఉండి పాదాలు తిమ్మిరెక్కే పెద్దోళ్లకు కాళ్ల మీద మాక్సా వద్దు, ఉప్పు మూట కూడా వద్దు. చర్మం కాలినా వాళ్లకు తెలియదు.