అగ్నిభీమాలో పరిశ్రమల వర్గీకరణము - చిక్కబళ్లాపుర పట్టుపని

అగ్నిభీమా సంస్థలు ఒక పరిశ్రమను దాని పేరునుబట్టి గాక, గోడలనడుమ జరుగు పనినిబట్టి వర్గీకరించును. గౌరిబిదనూరు తాలూకా హొసూరు మొదలు బాగేపల్లి, చింతామణి వరకుగల తెలుగువారికి ఈ విషయము ముఖ్యమైనది. ఏలనగా ఈ జిల్లాలో, అందును శిడ్లఘట్ట పరిసరములలో, పట్టుగూళ్లనుండి దారము తీయు పని పలుచోట్ల నివాసగృహమును ఆనుకొనియే సాగుచున్నది.

పట్టు స్వతహాగా త్వరగా మండునది కాదు. మంట తొలగింపగనే చాలవరకు ఆరిపోవును. ప్రత్తి అట్లు కాదు. గింజ తీయు మరలో గాలిలో తేలు దూదిపింజకు ఒక్క నిప్పురవ్వ చాలును. కావున రెండును నూలుపనులేయైనను భీమాదారుల దృష్టిలో సమానములు కావు. అయితే దారము తీయుటకు గూళ్లను వేడినీట నుంచవలెను; దానికి పొయ్యి, కట్టెలు కావలెను. ప్రమాదము పట్టులోకంటె పొయ్యిలోను, కట్టెలమోపులోను ఎక్కువగా నున్నది. మట్టిగోడలు, పూరికప్పు గలచోట రుసుము మరింత హెచ్చును.

పూర్వము దేశమంతటికిని సుంకపు సలహాసంఘమువారి పట్టికయే ప్రమాణము. అందు నివాసములు, దుకాణములు ఒక విభాగము, ఉత్పత్తిశాలలు వేరొకటి, వాని ఆవరణకు వెలుపలనున్న గోదాములు మరియొకటి. 2007 జనవరి 1 నుండి ఆ రేట్ల నిర్బంధము తొలగినది. కోలారునుండి చిక్కబళ్లాపురము వేరు జిల్లాయైనదియు ఆ సంవత్సరమే! రేటును నిర్ణయించు స్వేచ్ఛ సంస్థలకు లభించినను, వృత్తినిబట్టి విభజించు పద్ధతి మాత్రము పోలేదు. 2021 ఏప్రిల్ 1 నుండి, ఒకచోట 5 కోట్ల రూపాయలకు మించని ఆస్తిగల సంస్థలకు 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' అను పాలసీ ఏర్పడినది. దరఖాస్తులో జరుగు పనిని తెలుపుట దీనికిని తప్పదు.

చిక్కు ఇచ్చటనే యున్నది. ఇంటిని నివాసముగా భీమా చేయించిన గృహస్థుడు కొంతకాలమునకు పెరటిగదిలో పొయ్యి వేసి దారము తీయ నారంభించెననుకొనుడు. ఆస్తి అదియే, యజమాని అతడే. కాని వర్గము మారినది. అపాయమును హెచ్చించు మార్పును సంస్థకు తెలిపి సమ్మతి పొందనిచో రక్షణ నిలిచిపోవునని సాధారణ అగ్నిపాలసీల షరతు. ముఖ్యవిషయమును దాచినను, తప్పుగా వర్ణించినను ఒప్పందమును రద్దుచేయు హక్కు సంస్థకు గలదు. కొద్ది రుసుము మిగుల్చుకొనుటకు 'నివాసము' అని వ్రాయించుట తెలివిగా తోచును గాని, ఇల్లు కాలిననాడు పరిశీలకుడు మొదట చూచునది ఆ పొయ్యినే. 'నివాసము, వెనుకభాగమున పట్టుదారము తీయుట, కట్టెల నిలువ' అని దరఖాస్తులో ఉన్నదున్నట్లు వ్రాయించి, పని మారినపుడు లిఖితముగా తెలిపి, ఆ జాబు ప్రతిని పాలసీతోపాటు ఇంట గాక వేరొకచోట భద్రపరచుకొనవలెను.