ఊదా మూత గొట్టం చెప్పనిది

సోమాజిగూడ నుంచి పంజాగుట్ట నిమ్స్ వైపు నడిస్తే రక్తపరీక్షల కేంద్రాల బోర్డులు వరసగా తగులుతాయి. పొద్దున్నే పరగడుపున వచ్చిన వాళ్ల రక్తం అక్కడ రంగు మూతల గొట్టాల్లోకి చేరుతుంది. ఊదా మూతది సీబీపీకి. హిమోగ్లోబిన్ అంకె అందులోంచే వస్తుంది. పసుపు మూతదో ఎర్ర మూతదో అయితే సీరం తీయడానికి. శరీరంలో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్షకు ఈ రెండోది కావాలి, డాక్టరు విడిగా రాస్తే తప్ప అది చెయ్యరు. అంతర్జాతీయ జూనియర్ పోటీల్లో 3000, 5000 మీటర్ల పరుగుల్లో మన అమ్మాయిలు ఎందుకు వెనకబడుతున్నారన్న ప్రశ్నకు జవాబులో పెద్ద ముక్క ఈ రెండో గొట్టంలో ఉందని నా వాదన. కోచింగ్ లేదు, ట్రాక్‌లు లేవు అన్న ఫిర్యాదులు నిజమే గానీ, అవి ఈ ముక్క తర్వాతివి.

ట్రాక్ మీద 3000 అంటే ఏడున్నర చుట్లు, 5000 అంటే పన్నెండున్నర. ఈ పరుగుల్లో ఖర్చయ్యే శక్తిలో చాలా భాగం ఆక్సిజన్‌తో తయారయ్యేదే. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. డెసిలీటరుకు 13 గ్రాములున్న అమ్మాయికి లీటరు రక్తంలో దాదాపు 174 మిల్లీలీటర్లు, 10.5 ఉన్న అమ్మాయికి 141. గుండె నిమిషానికి 20 లీటర్లు తోస్తోందనుకుంటే తేడా 670 మిల్లీలీటర్లు. అందులో కండరాలు లాక్కోలేనిది తీసేసినా అర లీటరుకు తగ్గదు. నిమిషానికి మూడు లీటర్ల ఆక్సిజన్ వాడే ఒంటికి అది ఆరో వంతు. గుండె ఇంకాస్త వేగంగా కొట్టుకుని సర్దుకోదా అంటే, మెట్లెక్కేటప్పుడు సర్దుకుంటుంది, అందుకే 10.5 ఉన్న అమ్మాయి కాలేజీకి వెళ్లొస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. పందెంలో గుండె అప్పటికే పై అంచున ఉంటుంది, పెంచడానికేమీ మిగలదు. జూనియర్ ఫైనళ్లు తరచుగా గుంపుగా, నింపాదిగా మొదలై చివరి చుట్టులో తేలతాయి కాబట్టి రక్తం అంత ముఖ్యం కాదనేవాళ్లున్నారు. నిజానికి అక్కడే దెబ్బ ఎక్కువ. పక్కమ్మాయికి నింపాదైన వేగం ఈ అమ్మాయికి అప్పటికే కష్టమైన వేగం. గంట మోగేసరికి ఒకరి కాళ్లు తాజాగా ఉంటాయి, ఇంకొకరివి బరువెక్కి ఉంటాయి.

మన రాష్ట్రాల నుంచి అంతర్జాతీయ పతకాలు తెచ్చిన అమ్మాయిల పేర్లు తలచుకోండి: 100 మీటర్ల హర్డిల్స్‌లో జ్యోతి యర్రాజీ, హెప్టాథ్లాన్‌లో అగసర నందిని, పారా అథ్లెటిక్స్ 400 మీటర్లలో జీవాంజి దీప్తి. ఆ స్థాయిలో దూరపు పరుగు తెలుగు పేరు చప్పున తట్టదు. హర్డిల్స్ పరుగు పదమూడు సెకన్ల పని, ఆక్సిజన్ అందేలోపే అయిపోతుంది. దీన్ని రుజువుగా చూపను, సూచన మాత్రమే.

అంకెలు మాత్రం సూచనకు మించినవి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతానికి రక్తహీనత. ఆ సర్వేలో వేలు గుచ్చి తీసిన చుక్కతో కొలిచారు, అందువల్ల అంకె ఉబ్బిందని నిపుణుల్లోనే అభ్యంతరం ఉంది. న్యాయమైన అభ్యంతరమే. అయితే నరం నుంచి రక్తం తీసి చేసిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలోనూ (2016-18) దేశంలో కౌమార బాలికల్లో 40 శాతం, బాలుర్లో 18 శాతం రక్తహీనత తేలింది. ఎంత తగ్గించుకున్నా అమ్మాయిల వాటా అబ్బాయిలకు రెట్టింపు. పైగా హిమోగ్లోబిన్ పడిపోవడం ఆఖరి అంకం. ఇనుము నిల్వలు ఖాళీ అయ్యాక గానీ అది పడదు. రక్తహీనత లేకుండా నిల్వలు మాత్రమే తగ్గిన యువతులకు కార్నెల్ శాస్త్రవేత్తలు ఆరు వారాలు ఇనుము ఇచ్చి శిక్షణ చేయించారు. 2000లో ప్రచురించిన ఆ ఫలితాల్లో ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ల కంటే వీళ్ల దమ్ము ఎక్కువ మెరుగుపడింది. ఊదా మూత గొట్టం అంతా బాగుందని చెప్పే దశ ఇదే.

పరుగు కూడా ఇనుమును తినేస్తుంది. నెలసరిలో పోయేది ఉండనే ఉంది. అరికాలు నేలకు తగిలిన ప్రతిసారీ కొన్ని ఎర్రకణాలు చితుకుతాయి, చెమటలోనూ పేగుల్లోనూ కాస్త పోతుంది. వీటన్నిటికంటే తమాషా అయినది కాలేయం చేసే పని. గట్టి సాధన తర్వాత కొన్ని గంటల పాటు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగు నుంచి ఇనుము లోపలికి రాకుండా తలుపు వేస్తుంది. అమీర్‌పేట హాస్టల్లో ఉండి సాధన చేసే అమ్మాయిని ఊహించుకోండి: ఆరింటికి పరుగు, ఎనిమిదిన్నరకు ఇడ్లీ, దాంతోపాటే గ్లాసెడు టీ. హెప్సిడిన్ ఒకవైపు, టీలోని టానిన్లు మరోవైపు, బియ్యం పప్పుల్లోని ఫైటేట్లు ఇంకోవైపు. ఆకుకూరల్లో ఇనుమున్న మాట నిజం. అందులో ఒంటికి పట్టేది కొంచెం. పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే ఇంకొంచెం పడుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాములు చాలు, స్త్రీకి 29 కావాలి. సాధారణంగా కంచంలో తక్కువ పడేది ఎవరికో చెప్పనక్కర్లేదు.

తూర్పు ఆఫ్రికా వాళ్ల రక్తమే వేరు, అది కొండల మహిమ అనే వాదన ఒకటుంది. 2021 ఆగస్టులో నైరోబీలో జరిగిన ప్రపంచ అండర్-20 పోటీల్లో 5000 మీటర్ల బంగారం ఇథియోపియా అమ్మాయి మిజాన్ అలెమ్‌ది; మన దేశపు అంకితా ధ్యానీ ఎనిమిదో స్థానంలో నిలిచింది. నైరోబీ ఎత్తు 1600 మీటర్ల పైన, హైదరాబాద్‌ది 540 దరిదాపు. ఎత్తులో ఒళ్లు కొత్త ఎర్రకణాలు తయారుచేస్తుందన్నది ఒప్పుకోవలసిందే. కాని దేనితో తయారుచేస్తుంది? ఇనుముతోనే. నిల్వలు లేని అమ్మాయిని ఊటీ శిబిరానికి పంపడం బియ్యం లేని ఇంట్లో పొయ్యి ముట్టించడమే.

ఇంకో అభ్యంతరం బలమైనది. సాధన చేసేవాళ్ల రక్తంలో ప్లాస్మా పెరిగి హిమోగ్లోబిన్ పలచబడినట్టు కనిపిస్తుంది. అది జబ్బు కాదు. సరిగ్గా అందుకే ఫెరిటిన్ కావాలి. అదీ జ్వరంలోనూ, గట్టి పందెం మర్నాడూ తీస్తే దొంగలెక్క చెబుతుంది, ఎందుకంటే వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది. అందరికీ మాత్రలు పంచితే పోదా అంటే, స్కూళ్లలో 10-19 ఏళ్ల వాళ్లకు వారానికొకటిచ్చే నీలి మాత్ర మంచిదే. కాని తలసీమియా లక్షణం ఉన్న పిల్లకూ ఎర్రకణాలు చిన్నవిగానే కనిపిస్తాయి, ఆమెకు ఇనుము కొరత ఉండాలని లేదు. పరీక్ష లేకుండా మోతాదు పెంచడం, అంతకన్నా ఇంజెక్షన్లకు ఎగబడడం వైద్యం కాదు. తిండే చాలక నెలసరి ఆగిపోతే దాన్ని సాధన బాగా సాగుతోందనడానికి గుర్తుగా తీసుకునే శిక్షకులూ ఉంటారు. అక్కడ ఇనుముతో పాటు ఎముకలూ పోతాయి.

ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. ఖాళీ అయిన నిల్వలు నిండి, కొత్త కణాలు పాతవాటి స్థానంలోకి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. సెలక్షన్లకు పదిరోజుల ముందు తీసిన పరీక్ష రిపోర్టు ఫైల్లో పెట్టుకోవడానికే పనికొస్తుంది. ప్రపంచ అండర్-20 పోటీలు రెండేళ్లకోసారి జరుగుతాయి, ఆ ఏడాది డిసెంబరు 31కి ఇరవై నిండకూడదు, పదహారుకు తక్కువ ఉండకూడదు. ఒక అమ్మాయికి దొరికే అవకాశాలు మహా అయితే రెండు.