అడగండి... నిలదీయకండి

'మా వాడు అలాంటివాడు కాదు' అని ఏ తల్లయినా అంటుంది. అనుకోవడంలో తప్పులేదు. అలా అనుకుని అసలు అడగడమే మానేస్తేనే చిక్కు.

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెలకు పట్నం ఎంతో దూరం లేదు. బీజాపూర్ రోడ్డులో మర్రిచెట్ల కింద కూరగాయల ఆటోలూ, కాలేజీ బస్సులూ ఒకదాని వెంట ఒకటి పోతుంటాయి. తోటల మధ్య ఫామ్‌హౌస్‌లు లేచాయి. అక్కడి పార్టీల సంగతి, పోలీసులు దాడి చేసినప్పుడల్లా పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఇక కల్లు దుకాణం ఎలాగూ ఉంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు తాగి వచ్చేది భర్త. అది దాచినా దాగేది కాదు. కొడుకుదో కూతురిదో అయితే నెలల తరబడి బయటపడదు. మార్కులు తగ్గడం, నిద్రవేళలు మారడం, పాత స్నేహితులు రాకపోవడం... వీటిలో ఏదీ రుజువు కాదు. ఆ వయసే అంత కావచ్చు.

అందుకే డాక్టర్లు ప్రశ్నల పద్ధతి పెట్టుకున్నారు. 12 నుంచి 21 ఏళ్లవారి కోసం 'క్రాఫ్ట్' అనే పట్టిక ఉంది. అందులో అసలైనవి ఆరే. మత్తులో ఉన్నవాళ్లు నడిపే బండి ఎక్కావా, లేక నువ్వే అలా నడిపావా? మనసు తేలికపడాలనో నలుగురిలో కలవాలనో తీసుకుంటున్నావా? ఒంటరిగా ఉన్నప్పుడు? ఆ మత్తులో చేసింది మరిచిపోయావా? తగ్గించుకోమని ఇంట్లోవాళ్లో స్నేహితులో అన్నారా? దానివల్ల ఏదైనా గొడవలో పడ్డావా? రెండింటికి 'అవును' అని వస్తే ఇంకాస్త వివరంగా చూడాలని అర్థం. తాగుబోతని ముద్ర వేయడానికి కాదు.

ఇవి డాక్టరు అడుగుతున్నప్పుడు మీరు గది బయట కూర్చోవాలి. చాలామంది తల్లులకు ఇదే మింగుడు పడదు. కానీ అమ్మ వింటుంటే నిజం వస్తుందా చెప్పండి! తర్వాత పదీ పదిహేను నిమిషాల మాట. తిట్లుండవు, నీతిబోధ ఉండదు. దీనివల్ల నీకేం దొరుకుతోంది, ఏం పోతోంది, ఏం మార్చుకోగలవు అని వాడి చేతే చెప్పిస్తారు. కొత్తగా మొదలైనవాళ్ల కోసమే ఈ పద్ధతి. అలవాటు ముదిరాక ఇంత మాత్రం సరిపోదు.

కల్లు విషయంలో ఒక జాగ్రత్త. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. రోజూ తాగేవాడిని గదిలో పెట్టి తాళం వేసి, ఒక్కసారిగా మాన్పిస్తే ఫిట్స్ రావచ్చు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. కాబట్టి మాన్పించడం డాక్టరు చేతిమీదుగానే జరగాలి.

'బయటికి చెబితే పోలీసు కేసవుతుందేమో' అని మరో భయం. డాక్టరు దగ్గరికి వెళ్లడం నేరం కాదు. పైగా కొద్ది మోతాదుతో పట్టుబడి, తానుగా చికిత్సకు ముందుకొచ్చిన బాధితుడికి మత్తుమందుల చట్టంలోనే 64-ఎ సెక్షన్ కింద రక్షణ ఉంది. భయపడి దాచుకోవడం వల్లనో, దారి తెలియకనో కానీ, 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

చేవెళ్లలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కూడా బస్సు దూరమే. ముందు మాట్లాడి చూద్దామనుకుంటే 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైన్, 14416 టెలీ మానస్. ఫోను మీరొక్కరే చేసినా ఫరవాలేదు, పిల్లాడిని పక్కన కూర్చోబెట్టుకోనక్కర్లేదు.