ఆహారపానీయాల కంజీ అక్షరాలు

జపనీస్ భాషను వ్రాయడానికి వాడే, చైనా నుండి వచ్చిన లిపిచిహ్నాలను '''కంజీ''' అంటారు (తెలుగువారి గంజితో ఈ మాటకు సంబంధం లేదు). జపాను ప్రభుత్వం 2010లో సవరించిన నిత్యవ్యవహార జాబితాలో 2,136 కంజీలున్నాయి. తిండికి, పానీయాలకు సంబంధించిన వాటిలో చాలా భాగం అక్కడి పిల్లలు ప్రాథమిక పాఠశాలలోనే నేర్చుకుంటారు. నీటి కంజీ ఒకటవ తరగతిలోనే వస్తుంది.

== ఉచ్చారణ ==
చాలా కంజీలకు రెండు రకాల ఉచ్చారణలుంటాయి. దేశీయమైనది ''కున్'', చైనా నుండి వచ్చినది ''ఓన్''. నీటి కంజీని విడిగా ''మిజు'' అని, సమాసంలో ''సుయి'' అని చదువుతారు. తినడం ''తబెరు'', అదే కంజీతో మొదలయ్యే భోజనశాల ''షోకుదో''. తెలుగులో విడిగా నీరు అని, సమాసంలో జలాశయమని అనడం వంటిదే ఇది. అయితే తెలుగులో రెండు మాటలను రెండు విధాలుగా వ్రాస్తాము, జపనీస్‌లో వ్రాత ఒక్కటే. ''నికు'' (మాంసం) మాత్రం ఓన్ ఉచ్చారణ అయినా విడిగానూ వాడతారు.

== వరి, బియ్యం, అన్నం ==
ఆంగ్లంలో ఒకే మాటతో సరిపెట్టే వీటికి జపనీస్‌లో, తెలుగులో వలెనే, వేర్వేరు పదాలున్నాయి: ''ఇనె'' వరి, ''కొమె'' బియ్యం, ''గోహన్'' అన్నం. "అన్నం తిన్నావా" అన్నప్పటి అన్నం వలె గోహన్‌కు భోజనమనే అర్థం కూడా ఉంది. కొమె కంజీని విడదీస్తే ఎనిమిది, పది, ఎనిమిది అంకెల గుర్తులు కనిపిస్తాయి. అందువలన 88 ఏళ్ళ వేడుకను ఇదే కంజీతో ''బేజు'' అని వ్రాస్తారు.

== భాగాలు ==
కంజీని బొమ్మలా బట్టీ పట్టడం కంటే దానిలోని భాగాలను గుర్తించడం సులువు. తాగడమనే కంజీలో ఎడమవైపు భోజనపు గుర్తు, కుడివైపు నోరు తెరచిన మనిషి ఉంటారు. మద్యానికి (''సాకె'') మూడు నీటిచుక్కలు, వాటి పక్కన జాడీ. కల్లు లొట్టిని ఎరిగినవారికి ఇది మరచిపోలేని గుర్తు. వేడినీటికి (''యు'') కూడా ఆ మూడు చుక్కలే ఎడమవైపు ఉంటాయి.

== శాకాహారులకు ==
జపాను వెళ్ళే శాకాహారులు మాంసం, చేప, గుడ్డు కంజీలను ముందుగా నేర్చుకోవడం మంచిది. చాలా చేపల పేర్లలో ఎడమవైపు చేప గుర్తు ఉంటుంది. అయితే పొట్లాలపై ఆ పేర్లను తరచు కంజీలో కాక ''కనా'' అనే ధ్వనిలిపిలో వ్రాస్తారు. అనేక చారుల్లో పడే ''దాషి'' కంజీలకు "బయటికి తీసిన రసం" అని మాత్రమే అర్థం. ఎండబెట్టిన ''కత్సువో'' చేపతో కాచినా, సముద్రపు నాచుతో కాచినా పేరు అదే, చేప గుర్తు కనబడదు. కాబట్టి అడిగి తెలుసుకోవలసిందే. బౌద్ధ ఆలయాల శాకాహార వంటను ''షోజిన్ ర్యోరి'' అంటారు. దాని మొదటి కంజీలో ఎడమవైపు ఉన్నది బియ్యపు గుర్తు.